పత్తియింటిలో డ్రోను

పూర్వము పొరుగూరినుండి కుమారుడు వచ్చినచో అతని సంచినుండి ముందుగా తల్లికి చీరయో, చెల్లెలికి గాజులో వెలువడుచుండెడివి. నేటి కుమారుల సంచినుండి ముందుగా వెలువడునది ఛార్జరు. కాళ్లు కడుగుకొనకమునుపే గోడలవంక చూచుచు ప్లగ్గు ఎచ్చటనున్నదని అడుగుదురు. సెల్‌ఫోనుతో మనకీ వాడుక పాతబడినది. కాని యీ కొలది యేండ్లుగా మా మంత్రాలయము, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములయందు కొందరు యువకుల చేతులలోనికి ఇంకొక వస్తువు వచ్చినది. దానిని డ్రోను అందురు. నాలుగు చిన్న రెక్కలు గిరగిర తిరుగగా తుమ్మెదవలె రొదచేయుచు పైకెగిరి, పెండ్లివారి ఊరేగింపును, రథోత్సవమును మీదినుండి పటము తీయు యంత్రమది. ఉపరిచర వసువునకు ఇంద్రుడు విమానమిచ్చెనని భారతమున చదివితిమి. ఆ విమానమునకు ఎవరు ఛార్జింగు పెట్టిరో వ్యాసులవారు చెప్పలేదు. ఈ విమానమునకు మాత్రము పెట్టవలెను. పెట్టుట ఇంటిలోనే జరుగును. ఎగురవేయువాడు మైదానమున నుండును గాని, అపాయమున్న ఘడియలు ఇంటిలో, మన కండ్లయెదుట గడచును. ఈ సంగతి మాకొక రాత్రి మా ఆడుబిడ్డ యింట తెలిసివచ్చినది గనుక సోదరీమణులకు చెప్పుకొనుచున్నాము.

మా వారు మంత్రాలయములో ఉపాధ్యాయులు. వారి చెల్లెలి గ్రామము ఆదోనికి నాలుగు క్రోసుల దూరమున కలదు. ఆమెకు భర్తృవియోగము కలిగి ఆరేండ్లయినది. నల్లరేగడి భూమి ఐదెకరములు, ఒక కుమారుడు, ఆమె సంసారమింతే. ఆ నేల పత్తినేల. ఆదోని మార్కెట్టు యార్డు పత్తి వ్యాపారమునకు ప్రసిద్ధి కెక్కినది. అయినను ధర దినమునకొక తీరుగ నుండుటచేత, కోసిన పత్తిని వెంటనే బండికెత్తక, మంచి ధర పలుకువరకు ఇంటనే నిలువచేయుట అచ్చటి రైతులలో అనేకుల వాడుక. కార్తికమునుండి పుష్యమువరకు ఆ యిండ్లకు పోయినచో పడసాలలో మనుష్యులకు చోటుండదు. పత్తి దూలములదాక నుండును. ఇంటివారు పంచలో పడుకొందురు. ఆ నెలలలో ఆ యింట పత్తికున్న మర్యాద చుట్టములకు కూడ లేదు.

మా మేనల్లుడు ఇంటర్మీడియేటుతో చదువు చాలించి ఎమ్మిగనూరులో నొక ఫొటోగ్రాఫరువద్ద సహాయకుడుగా నున్నాడు. డ్రోనుతో చిత్రములు తీయ నేర్చినచో ఒక్కొక్క పెండ్లికి వేరుగ కూలి వచ్చునని వాడు తల్లిని ఒప్పించెను. ఆమె చీటీ పాడి, బళ్లారిలో ఒకరు వాడి అమ్మజూపిన డ్రోనును 28,000 రూపాయలకు కొనిపెట్టెను. డ్రోను, దానిని నడుపు కంట్రోలరు, బ్యాటరీలు మూడు, ఛార్జరొకటి. రెక్కలు తిరుగుట చూచుకొనిరి, కెమెరా పనిచేయుట చూచుకొనిరి. బ్యాటరీలను ఎవరును చూడలేదు. పాడియావును కొనునపుడు పండ్లు, పొదుగు, సుడులు చూచెడివారమే గాని, ఈ వస్తువునకు బ్యాటరీయే పొదుగని ఎవరికి తోచును?

గడచిన మార్గశిరమున సెలవులకు మేము ఆ గ్రామమునకు పోయితిమి. రాత్రి అందరును పంచలో పడుకొంటిమి. నడిరేయి దాటినపిదప మంచినీళ్లకై లేచి పడసాలలో అడుగు పెట్టగనే ఏదియో తియ్యని వాసన ముక్కునకు తగిలినది. మిక్కిలి ముగ్గిన పండు వాసనవలెను, గోళ్లకు పూయు రంగువాసనవలెను ఉన్నది. దేవునియొద్ద పెట్టిన పండు చెడినదేమోయని దీపము వేసి చూచితిమి. పత్తిరాశి అంచున గోనెసంచిపై ఛార్జరుండెను. దాని ఎఱ్ఱదీపము ఆరి వెలుగుచుండెను. దానిలో పెట్టిన బ్యాటరీ నూనెలో వేసిన పూరీవలె పొంగి, పైనున్న ప్లాస్టిక్కు చిప్పను ఎత్తుచుండెను.

మాకప్పటికి ఆ వస్తువు స్వభావము తెలియదు. అయినను పత్తి స్వభావము తెలియును. పత్తికి నిప్పంటినచో పైకి మంట కనబడక లోలోపల గంటలకొలది రగులుచుండును, కనబడునప్పటికి ఇల్లుండదు. గోడమీది స్విచ్చును ఆర్పి, మేనల్లుని లేపితిమి. వాడు సిమెంటు మోయు ఇనుపతట్టను తెచ్చి, పట్టకారుతో ఛార్జరును బ్యాటరీని దానిలోనికి దించి, వాకిలి నడుమ నుంచెను. తెల్లవారువరకు ముగ్గురమును దూరముగ కూర్చుండి దానినే చూచుచుంటిమి. అది పొగ చిమ్మలేదు, మండలేదు. చల్లబడి, పొంగినది పొంగినట్లే యుండెను. ముందుగా విద్యుత్తును ఆర్పుట మంచిదయినదనియు, వాసన దేనిదోయని ముఖము దగ్గరకు పెట్టి చూచుట తప్పయినదనియు తరువాత తెలిసినది. అట్టి బ్యాటరీనుండి వెలువడు వాయువులు ఊపిరితిత్తులకు విషము.

తెల్లవారిన పిదప అసలు తగవు వచ్చినది.

“కొంచెం ఉబ్బితే ఏమీ కాదత్తా. అమ్మినాయన కూడా ఇట్లనే వాడినాడంట,” అని మేనల్లుడు.

“మూడు బ్యాటరీలున్నాయనే కదా వదినా అంత సొమ్ము పోసినాము. ఒకటి పారేస్తే పెండ్లి మధ్యలో దిగిపోదా?” అని మా ఆడుబిడ్డ.

ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. చీటీ ఇంకను పదునొకండు నెలలు కట్టవలసియున్నది. అట్టి బ్యాటరీ మరియొకటి కొనవలెనన్నచో నాలుగువేలకు తక్కువగాదు. చిల్లుపడిన బిందెకు మాటువేయించి వాడుకొను ఇల్లాలికి, చూచుటకు పెద్ద లోపము లేని వస్తువును పారవేయుమనుట ఎట్లు రుచించును? పడసాలలోనున్న పదునెనిమిది క్వింటాళ్ల పత్తి విలువను లెక్కగట్టి చెప్పితిమి. ఆమె వినెను గాని మాటాడలేదు. కడకు ఆమె మనసు మార్చినది మా మాట కాదు. ఛార్జరున్న గోనెను దులుపుటకై ఆమెయే ఎత్తగా, దానిపై అరచేయంత మేర నార మాడి గోధుమవర్ణమునకు తిరిగియుండెను. ఆ గోనె క్రింద పత్తి. ఆమె ఆ మచ్చను వ్రేలితో రెండుమార్లు రుద్ది చూచి, గోనెను మడచి చంకనబెట్టుకొని, “దాన్ని ఇంట్లోకి తేవొద్దురా,” అనెను.

తరువాతి ఆదివారము తల్లీకొడుకులు తక్కిన రెండు బ్యాటరీలతో మంత్రాలయమునకు వచ్చిరి. మా వారితో పనిచేయు సైన్సు మాస్టరుగారు మా పంచలో కూర్చుండి, అరటిపండు ఒలిచినట్లు అన్నియు విశదపరచిరి. మేము గ్రహించినంతవరకు వ్రాయుచున్నాము.

ఈ బ్యాటరీలలో లిథియము అను లోహముండును. లోహములన్నిటిలోను తేలికయైనది అదియే. కనుకనే ఎగురు యంత్రములకు దానిని మించినది లేదు. పలుచని రెండు రేకుల నడుమ ఉల్లిపొరవంటి తెరయొకటి, అంతటిని తడుపుచు సులభముగ నంటుకొను ద్రవమొకటి, వీనిని చుట్టచుట్టియో పొరలుగ పేర్చియో మెత్తని సంచిలో మూసి యుంతురు. ఛార్జింగు పెట్టినపుడు లిథియపు కణములు ఒక రేకునుండి రెండవదానికి పోవును. డ్రోను ఎగురునపుడు మరల వెనుకకు వచ్చును. పాతబడినను, మితిమీరి నింపినను, అడుగంట ఎండగట్టినను, ఎండలో మాడినను ఆ ద్రవము విరిగి వాయువగును. సంచి మూయబడియుండుటచే వాయువునకు దారిలేదు. అదియే ఉబ్బు. లోపలి తెర చినిగి రెండు రేకులును తగులుకొన్నచో ఉన్న శక్తియంతయు నొక్కమారుగ వేడియై వెలువడును. కనుక ఉబ్బిన బ్యాటరీని అదుముటగాని, సూదితో పొడిచి గాలి తీయుటగాని చేయరాదు. మా మేనల్లుడు ఆ రెండవదానిని చేయ తలపెట్టియుండెనని అప్పుడు బయటపడినది!

ఇంతటి కోపిష్ఠియైన లోహమును మానవులు ఎట్లు మచ్చిక చేసిరనుటకు చక్కని చరిత్ర కలదు. 1970వ దశకమున స్టాన్లీ విట్టింగ్‌హాం అను శాస్త్రజ్ఞుడు తొలి లిథియము బ్యాటరీలను చేయుచుండగా అవి పలుమార్లు అంటుకొని, ఆర్పవచ్చిన అగ్నిమాపకదళమువారు విసిగి, ఆర్పుటకైన మందుల వెలకూడ మీరే ఇచ్చుకొనుడని బెదరించిరట. 1980లో జాన్ గుడినఫ్ కోబాల్టును వాడి దాని బలమును 4 వోల్టులకు పెంచెను. 1985లో జపానుదేశస్థుడగు అకిరా యోషినో శుద్ధ లిథియపు రేకును తీసివేసి, బొగ్గుజాతి పదార్థమున లిథియపు కణములను నిలుపు ఉపాయము కనిపెట్టెను. ఆ బ్యాటరీపై పెద్ద ఇనుపదిమ్మను పడవేసి చూడగా అది పేలలేదు. 1991లో సోనీ సంస్థ దానిని అంగడికి తెచ్చినది. 2019లో ఈ ముగ్గురికిని రసాయన శాస్త్రమున నోబెలు బహుమానము లభించెను; గుడినఫ్‌గారికి అప్పటికి 97 యేండ్లు. మన తిరుపతిలోకూడ 2022లో మునోత్ ఇండస్ట్రీసువారు లిథియము సెల్లులను తయారుచేయు కర్మాగారమును ప్రారంభించిరి. బళ్లారినుండి మా ఆడుబిడ్డ యింటికి వచ్చిన ఆ చిన్న పెట్టెవెనుక ఇంత కథ గలదు.

ఇక ఛార్జింగు పెట్టు విధానము. బ్యాటరీలో ఒకటిగాని, రెండుమూడు గాని సెల్లులుండును. ఒక్కొక్క సెల్లు సాధారణముగా 4.2 వోల్టులకు నిండినట్లు. కొన్ని జాతులకు 4.35 వరకు అనుమతి గలదు. 3 వోల్టులకు క్రిందికి దిగినచో అది చెడును. మంచి ఛార్జరు మొదట ఒకే ప్రవాహముతో వేగముగ నింపి, అంచునకు వచ్చునప్పటికి ధారను సన్నగిలజేయును. కొళాయిక్రింద బిందె పెట్టిన ఇల్లాలు, మెడవరకు కొళాయిని బాగుగ విప్పి, మూతియొద్ద తగ్గించుట లేదా? కనుక చివరి పదిపాళ్లకు ఎక్కువ కాలము పట్టుచున్నదని తొందరపడి వేరొక బలమైన ఛార్జరు తగిలించరాదు. బ్యాటరీపై 2000 ఎం.ఏ.హెచ్. అని యున్నచో 2 ఆంపియర్ల ప్రవాహముతో గంటకు కొంచెము మించి నిండుననుట సామాన్యపు లెక్క. ఆ డ్రోనుకై చేసిన ఛార్జరునే వాడవలెను. సెకెండుహ్యాండున కొన్నవారికి పలుమార్లు వేరే ఛార్జరే దక్కును. దానిపైని వోల్టుల అంకెయు, బ్యాటరీపైని అంకెయు సరిపోవునో లేదో చదువక ప్లగ్గులో పెట్టరాదు. చదువు వచ్చిన ఇల్లాలు ఈ రెండంకెలను చూడలేకపోదు.

రెండు సెల్లులున్న బ్యాటరీ కాడికి కట్టిన ఎద్దులజతవంటిది. రెండును సమముగ లాగవలెను. ఒకటి నీరసించినచో రెండవదానిపై భారము పడును. ఛార్జరు ఆ సంగతి ఎఱుగక నింపినచో బలమున్నది మితిమీరి నిండును. డ్రోనుతో వచ్చు ఫోను యాప్‌లో, తెలివిగల బ్యాటరీలకు, ఒక్కొక్క సెల్లు వోల్టులును, ఇంతవరకెన్నిమార్లు ఛార్జింగయినదో ఆ సంఖ్యయు కనబడును. మా మేనల్లుని రెండు బ్యాటరీలలో సెల్లుల అంకెలు సమానముగ నుండెను. ఉబ్బినదానిలో అంకెలు రెండును ఎడమైయుండుట వాడు పదిదినములక్రిందటనే చూచెనట. తక్కినవి ఇరువది నిమిషములెగురగా అది ఏడు నిమిషములకే దిగివచ్చుచుండెనట. చెప్పినచో తల్లి బాధపడునని దాచెనట. మాస్టరుగారు ఏమియు ననలేదు. తల్లి మాత్రము వానివంక చూచిన చూపు మేము మరువము.

పాతది కొనువారు చూచుకొనవలసినవి ఇంతకంటె కష్టములుగావు. బ్యాటరీని చదునైన బల్లపై పెట్టి వ్రేలితో తాకిన ఊగరాదు. ఊగినచో పొట్ట ఉబ్బినట్లే. వాసన యుండరాదు. లోహపు మొనలు నల్లబడియుండరాదు. అమ్మువాని యెదుటనే పూర్తిగ ఛార్జింగు చేయించి, ఎన్ని నిమిషములెగిరినదో గడియారముతో చూడవలెను. ఇట్టి బ్యాటరీలు రెండు మూడువందల మార్లు నిండి ఖాళీయగునప్పటికి వార్ధక్యమున పడును. అమ్మువాడు “క్రొత్తదే” యనినను యాప్‌లోని సంఖ్య అబద్ధమాడదు. చాలకాలము మూలనపడి పూర్తిగ ఎండిన బ్యాటరీలో తెలివిగలది కొన్నిమార్లు నిద్రలో నుండును. దాని ఛార్జరులో పెట్టినచో మేల్కొనును. మేల్కొననిదానిని ఏ తీగెలో కలిపి బలవంతముగ లేపజూచుట ప్రాణాంతకము.

అరణ్యపర్వమున సూర్యుడు ధర్మరాజునకిచ్చిన అక్షయపాత్రను సోదరీమణు లెఱుగుదురు. అక్షయమని పేరేగాని దానికిని కట్టుబాటుండెను. ద్రౌపది భుజించినపిదప ఆ దినమునకు అది వట్టిపాత్ర. దుర్వాసుడు శిష్యులతో వచ్చిన దినమున ఆ కుటుంబమును కాచినది, కడుగగా అంచున నంటియున్న కూరాకు తునక. ఈ బ్యాటరీ సంగతియు నట్టిదే. అడుగంట ఊడ్చివేయరాదు, ఇరువది ముప్పదిపాళ్లు మిగిలియుండగనే డ్రోనును దించవలెను. పూర్తిగ నింపి వారములకొలది బీరువాలో దాచుటయు దానికి కీడే. మూడు నాలుగు దినములలో ఎగురవేయని యెడల సగముపాళ్లకు, అనగా సెల్లునకు 3.8 వోల్టుల ప్రాంతమున నుంచి చల్లనిచోట పెట్టవలెను. పెండ్లి రేపనగా నేటి సాయంకాలము నింపుకొనవచ్చును.

వేడిమి మన సీమకున్న ప్రత్యేకశత్రువు. 5 డిగ్రీలకు తక్కువగాని 40 డిగ్రీలకు ఎక్కువగాని యున్నచోట ఛార్జింగు వలదని ఇట్టి డ్రోనులతో వచ్చు పుస్తకములందు వ్రాయుదురు. మొదటి హద్దుతో మనకు పనిలేదు. రెండవదానిని చైత్ర వైశాఖములలో మన పంచలే దాటుచుండును. ఎగిరివచ్చిన బ్యాటరీ తానుగా వేడిగ నుండును. అది చేతికి చల్లనగువరకు ఆగవలెను. ఎండకాలమున తెల్లవారుజామున పెట్టుట మేలు. మోటారుసైకిలు పెట్టెలోను, కారు అద్దముక్రిందను ఎండలో వదలుట అసలే కూడదు.

చోటు ఏదనగా, బేతంచెర్ల నాపబండ మన జిల్లాలో ఏ యింట లేదు? పంచలో నాపబండపై, చుట్టును మూరెడు మేర పత్తి, చొప్ప, పరుపు, కర్టెను, కాగితము లేనిచోట పెట్టవలెను. మంచముమీద వలదు, దిండుక్రింద వలదు. ప్రక్కన ఇసుక నింపిన బొక్కెన యొకటి యుంచుట మంచిది. మేలుకొన్న మనిషి యొకరు ఇంటనున్నప్పుడే పెట్టవలెను, నిద్రపోవుచు పెట్టరాదు. దీపము పచ్చబడగనే తీయవలెను. ఒకవేళ పొగ వచ్చినచో మెయినుస్విచ్చు ఆర్పి, పిల్లలను ముసలివారిని బయటికి పంపి, పొగకు దూరముగ నుండి, ఇసుకతో చుట్టును కట్టడిచేసి, 101 సంఖ్యకు ఫోను చేయవలెను. విద్యుత్తును ఆర్పినపిదప నీళ్లు ధారాళముగ పోయగలిగిన పోయవచ్చును. చెంబెడు నీళ్లు చాలవు, ఆరినట్లు కనబడి మరల అంటుకొనును.

కంట్రోలరును అందరును మరతురు. దానిలోను బ్యాటరీ కలదు. అది చాలవాటిలో లోపలనే బిగింపబడియుండును. డ్రోను నిండుగనుండి కంట్రోలరు వట్టిదైనచో, పైనున్న యంత్రమునకు క్రిందినుండి మాట అందదు. మంచి డ్రోనులు అప్పుడు తామై బయలుదేరినచోటికి తిరిగివచ్చును. ఆటబొమ్మవంటివి ఎచ్చట పడునో చెప్పలేము. మా మేనల్లుని కంట్రోలరు చెడినదని వాడు వారము దినములు దిగులుపడెను. ఎంతసేపు ప్లగ్గులో పెట్టినను దీపము వెలుగదాయెను. మాస్టరుగారు తీగెను మార్చిరి, అంతే. రెండు కొనలును ఒకేతీరుగనుండు నేటి ఫోనుతీగెతోను, వేగపు ఛార్జరుతోను కొన్ని పాత వస్తువులు విద్యుత్తును గ్రహింపవట. ఒక కొన వెడల్పుగనుండు పాతకాలపు తీగెను, మా వారి పాత ఫోను ఛార్జరును తగిలింపగనే నాలుగు దీపములును ఒకదానివెంట నొకటి వెలిగినవి. వాడు కొత్త కంట్రోలరునకు ఏడువేలు అప్పుచేయ సిద్ధపడియుండెను!

చట్టము సంగతికూడ రెండు మాటలు. 2021 ఆగష్టు 25న ప్రకటింపబడిన డ్రోను నియమములనుబట్టి 250 గ్రాములవరకు బరువున్నవి నానోజాతి. వానిని నడుపుటకు పైలటు సర్టిఫికెట్టు అక్కరలేదు. నమోదు సంఖ్యగల డ్రోను చేతులు మారినపుడు ఆ సంఖ్యయు కొన్నవాని పేరునకు మారవలెను; బళ్లారి బేరమున ఇదియు మరచిరి, తరువాత సరిచేయించుకొనిరి. విదేశములనుండి తయారైన డ్రోనుల దిగుమతిని కేంద్రప్రభుత్వము 2022 ఫిబ్రవరి 9న నిషేధించినది. పాతవాటికి గిరాకి పెరుగుటకు అదియు నొక కారణమని మాకు తోచుచున్నది. ఎగురవేయరాని తావులు పటములో చూచుకొనవలెను. మా ఊర మఠము చెంత జనసమ్మర్దముపై అనుమతి లేక ఎగురవేయుట ఎట్లును తగదు.

ఇదంతయు మగపిల్లల ఆటసామగ్రి, మనకేల యని తలచెడి సోదరీమణులతో ఒక సంగతి చెప్పవలెను. 2023 నవంబరులో కేంద్రప్రభుత్వము నమో డ్రోన్ దీదీ యను పథకమును అంగీకరించి, 15,000 స్త్రీ స్వయంసహాయక సంఘములకు పైరుపై మందుచల్లు డ్రోనులను ఇచ్చుటకు 1,261 కోట్ల రూపాయలు కేటాయించెను. వెలలో 80 పాళ్లు, 8 లక్షల రూపాయలకు మించకుండ, సహాయముగ నిత్తురు. ఎన్నిక చేయబడిన స్త్రీకి 15 దినముల శిక్షణ. ఆ సామగ్రి జాబితా చదివినపుడు మాకు నవ్వువచ్చినది: ఒక డ్రోనునకు అదనముగా నాలుగు జతల బ్యాటరీలు, వాటికి ఛార్జర్లు! దినమునకు 20 ఎకరములు చల్లవలెనన్నచో బ్యాటరీలు మార్చుకొనుచునే యుండవలెనట. అనగా పొలమున ఎగురుట కొలదిసేపు, గట్టున ఛార్జింగు చూచుకొనుట దినమంతయు. 2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమిఘాటులో 5,500 డ్రోనులు ఒక్కమారుగ ఆకసమున బొమ్మలు గీయగా జనులు చూచి ఆనందించిరి. ఆ 5,500 బ్యాటరీలను ఆ పగలు ఎవరు నింపిరో వారికే మా నమస్కారము. మన జిల్లాలోని ఓర్వకల్లున 300 ఎకరములు డ్రోనుల పరిశ్రమకై కేటాయింతుమని ఆ సభలలోనే ముఖ్యమంత్రిగారు ప్రకటించిరి. మా మేనల్లుని చూపు ఇప్పుడు ఆవైపు తిరిగియున్నది.

ఉబ్బిన బ్యాటరీ సంగతి మిగిలినది. దానిని చెత్తకుండీలో వేయరాదు, పూడ్చరాదు, కాల్చరాదు. 2022 ఆగష్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమములనుబట్టి పాత బ్యాటరీలను వెనుకకు తీసికొని శుద్ధిచేయించు భారము తయారుచేయువారిది. చట్టమట్లున్నను పల్లెలో దానిని పుచ్చుకొనువారెవ్వరు? రెండు దుకాణములవారు ముట్టమనిరి. అది తుంగభద్ర ఇసుకతో నింపిన రేకుడబ్బాలో, పెరటిగోడ మూల, మూడు వారములు కాపురముండెను. కడకు మేనల్లుడు కర్నూలులో పాత విద్యుత్సామగ్రి సేకరించువారి నొకరిని విచారించి, ఇసుకడబ్బాతో సహా మోసికొనిపోయి అప్పగించి వచ్చెను.

సంక్రాంతికి మేము మరల ఆ గ్రామమునకు పోయితిమి. పత్తిలో సగము యార్డునకు పోయినది, సగమింకను పడసాలలోనే యున్నది. పంచలో నాపబండ, దానిపై ఛార్జరు, ప్రక్కన ఇసుక బొక్కెన. మా ఆడుబిడ్డ పీట వేసికొని కందులు చెరుగుచు ఆ దీపమువంకనే చూచుచుండెను. అది పచ్చబడగనే చేట దించి, స్విచ్చు ఆర్పి, బ్యాటరీని అరచేత పట్టి వేడిచూచి, గూటిలోని లెక్కలపుస్తకము తీసెను. ఒక ప్రక్క పత్తి కోసినవారి కూలి. రెండవ ప్రక్క “ఒకటి”, “రెండు” అని శీర్షికలు పెట్టి, వాటిక్రింద ఒక్కొక్క ఛార్జింగునకు ఒక్కొక్క నిలువుగీత. ఒకటవదానిక్రింద పదునాలుగు, రెండవదానిక్రింద పదుమూడు. “దీనికి ఒకటి తక్కువుంది వదినా, రేపటి పెండ్లికి ముందుగా దీన్నే పెట్టించాల,” అని ఆమె గీత గీసి, పుస్తకమును మూసి గూటిలో పెట్టెను.